దుక్కి నుంచి గాదె దాకా: సేద్యంలో ఏ పని ఎందుకు చేస్తాం, ఎలా చేయాలి

సేద్యంలో ఏ పనీ ఊరికే పుట్టలేదు. దున్నడం, సాళ్ళలో విత్తడం, యూరియాను దఫాలుగా వేయడం, పంట మార్చడం, ఇవన్నీ ఎప్పుడో ఎవరికో చేలో ఎదురైన కష్టానికి దొరికిన జవాబులు. ఆ కష్టం మన చేలో ఉందో లేదో చూసుకోకుండా జవాబును మాత్రం తెచ్చుకుంటే ఖర్చే తప్ప ఫలితం ఉండదు. కారణం తెలిసిన రైతు ఈ ఏడు ఏ పని తప్పకుండా చేయాలో, ఏది మానేసినా పర్వాలేదో తనే తేల్చుకోగలడు. అందుకే ప్రతి మెట్టులో పని ఎలా చేయాలో చెప్పడంతో పాటు అది ఎందుకో కూడా రాస్తున్నాను. కొత్తగా సేద్యంలోకి వచ్చినవాళ్ళు వరసగా చదవండి. అనుభవం ఉన్నవాళ్ళు ఎరువులు, నీరు అన్న చోట్ల కాస్త ఎక్కువసేపు ఆగండి. చేజేతులా చేసుకునే నష్టం ఎక్కువగా అక్కడే జరుగుతుంది.

మొదటి మెట్టు: మట్టిని తెలుసుకోవడం

విత్తనం సంగతి తర్వాత. ముందు గుప్పెడు మట్టి తీసుకుని తడిపి బాగా పిసకండి. దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి రిబ్బనులా ఒత్తుతూ బయటికి తోయండి. రిబ్బను కట్టకుండా రాలిపోతే అది ఇసుక నేల. తెగకుండా 5 సెంటీమీటర్లు దాటి సాగితే బంకనేల. ఈ రెండింటికీ మధ్యలో ఉంటే గరప నేల. ఇసుక నేల నీటినీ పోషకాలనూ పట్టి ఉంచలేదు కాబట్టి రెండూ కొంచెం కొంచెంగా, తరచుగా ఇవ్వాలి. బంకనేల రెండింటినీ బాగా పట్టి ఉంచుతుంది, కానీ అందులో గాలి ఆడదు. నీరు నిలిస్తే వేరుకు ఊపిరాడక కుళ్ళిపోతుంది. ముందు ముందు మనం తీసుకునే సగం నిర్ణయాలు ఈ ఒక్క పరీక్ష మీదే ఆధారపడతాయి.

తర్వాత భూసార పరీక్ష. ఇందులో ప్రయోగశాల కంటే నమూనా తీసే చేతిదే పెద్ద బాధ్యత. చేను అంతటా వంకర టింకరగా నడుస్తూ పది చోట్ల ఆంగ్ల 'వి' అక్షరం ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంట తీయండి. గుంట పక్క గోడ నుంచి పైనుంచి కిందిదాకా రెండు మూడు సెంటీమీటర్ల మందాన ఒక చెక్క మట్టి కోయండి. అన్నింటినీ ఒక శుభ్రమైన గుడ్డ మీద కలిపి, గుండ్రంగా పరిచి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండూ తీసేయండి. అరకిలో మిగిలేదాకా ఇలాగే చేయండి. గట్ల పక్కన, చెట్ల కింద, పెంట కుప్పలు వేసిన చోట, నీరు నిలిచే పల్లంలో మట్టి తీయవద్దు. అక్కడి మట్టి చేను మొత్తానికి ప్రతినిధి కాదు. ఎరువు వేసిన వెంటనే తీసినా ఫలితం తప్పుగా వస్తుంది.

రిపోర్టు చేతికి వచ్చాక అందరూ నత్రజని, భాస్వరం, పొటాష్ అంకెలే చూస్తారు. నేనైతే మొదట ఉదజని సూచిక (పీహెచ్, అంటే నేల ఆమ్లమో క్షారమో చెప్పే అంకె) చూస్తాను. అది 6 నుంచి 7.5 మధ్య ఉంటే దాదాపు అన్ని పోషకాలూ వేరుకు అందుతాయి. బాగా తగ్గితే, అంటే నేల ఆమ్లంగా ఉంటే, ఇనుము, అల్యూమినియం కలిసి భాస్వరాన్ని కట్టిపడేస్తాయి. బాగా పెరిగితే ఆ పని కాల్షియం చేస్తుంది. అప్పుడు ఎన్ని బస్తాలు వేసినా భాస్వరం నేలలో ఉంటుంది గానీ మొక్కకు దొరకదు. ఆమ్ల నేలకు సున్నం, సోడియం ఎక్కువైన చౌడు నేలకు జిప్సం వేసేది ఇందుకే. జిప్సంలోని కాల్షియం మట్టిరేణువులకు పట్టుకున్న సోడియాన్ని విడగొడుతుంది. ఆ తర్వాత మంచి నీరు పెట్టి, ఆ సోడియం కిందికి దిగి మురుగు కాలువలోకి పోయేలా చేయాలి. మురుగు పోయే దారి లేకుండా జిప్సం ఒక్కటే వేస్తే పని సగంలో ఆగిపోతుంది.

రెండో మెట్టు: ఏ పంట తర్వాత ఏ పంట

చాలామంది ఇది ఆఖర్లో ఆలోచిస్తారు. నిజానికి దుక్కికంటే ముందే తేల్చుకోవాల్సిన విషయం ఇది. ఒకే పంటను ఒకే నేలలో ఏటా వేస్తూ పోతే ఆ పంటను తినే పురుగుకు, దాని వేరును పట్టే శిలీంద్రానికి ఏడాది పొడవునా భోజనం పెట్టినట్టే. మధ్యలో వేరే కుటుంబానికి చెందిన పంట వస్తే వాటికి తిండి దొరకక సంఖ్య పడిపోతుంది. ఇక్కడ కుటుంబం అన్న మాట ముఖ్యం. టమాటా తర్వాత వంగ వేస్తే పేరు మారిందే తప్ప పంట మారినట్టు కాదు. రెండూ ఒకే కుటుంబం, వాటికి వచ్చే ఎండు తెగులూ ఒకటే.

మార్పిడికి ఇంకో రెండు కారణాలున్నాయి. లోతు వేరు పంట, పైపై వేరు పంట ఒకదాని తర్వాత ఒకటి వస్తే నేలలోని వేర్వేరు పొరల నుంచి నీరు, పోషకాలు తీసుకుంటాయి. పప్పుజాతి పంట వస్తే గాలిలోని నత్రజనిలో కొంత నేలకు చేరుతుంది. 18వ శతాబ్దంలో ఇంగ్లండులోని నార్ఫోక్ ప్రాంతంలో గోధుమ, టర్నిప్, బార్లీ, క్లోవర్ అనే నాలుగేళ్ళ వరస బాగా స్థిరపడింది. అందులో క్లోవర్ పప్పుజాతికి చెందిన పశుగ్రాసం. నేలను ఏడాదిపాటు బీడు పెట్టాల్సిన అవసరం దానివల్ల తప్పింది, పశువులకు మేతా దొరికింది, ఆ పశువుల పేడ తిరిగి చేలోకే వచ్చింది.

ఒకే పంటను, అందులోనూ ఒకే రకాన్ని నమ్ముకుంటే ఏమవుతుందో ఐర్లండు చూపించింది. అక్కడి పేదలు ఎక్కువగా ఒకే రకం బంగాళాదుంప మీద బతికేవారు. 1845లో ఆకుమాడు తెగులు వచ్చినప్పుడు దాన్ని తట్టుకునే రకం చేలో లేకపోయింది. ఆ తర్వాతి కొన్నేళ్ళలో ఆకలితో, రోగాలతో పది లక్షల దాకా జనం పోయారు. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా, చిన్న కమతమైనా సరే రెండు రకాలు, రెండు పంటలు ఉండాలనే నాకు అనిపిస్తుంది.

అంతర పంట వెనక ఉన్న లెక్కా ఇదే. ఒక పంట దెబ్బతింటే రెండోది ఆదుకుంటుంది. కాకపోతే రెండింటి అవసరాలూ ఒకే సమయంలో పోటీపడకూడదు. నిదానంగా పెరిగే కంది సాళ్ళ మధ్య త్వరగా కోతకొచ్చే పెసరో మినుమో వేస్తే, కంది కొమ్మలు కమ్ముకునే సరికి అది చేను ఖాళీ చేస్తుంది. అమెరికా ఖండపు ఆదివాసులు మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి కలిపి వేసేవారు. మొక్కజొన్న కర్ర చిక్కుడు తీగకు ఊతం, చిక్కుడు వేరు నేలకు నత్రజని, గుమ్మడి ఆకు నేలను కప్పి కలుపును అణచడం. ఎంత చక్కటి పొందిక!

మూడో మెట్టు: దుక్కి

దుక్కి ఎందుకు దున్నుతాం? గట్టిపడిన నేల వదులై నీరు ఇంకడానికి, గింజకు మట్టి అంటుకుని మొలకెత్తడానికి, కలుపు చావడానికి, పాత పంట మోళ్ళు, ఎరువు నేలలో కలవడానికి. వేసవి దుక్కికి ఇంకో లాభం ఉంది. నేలలో దాగిన పురుగుల కోశాలు, మొండి కలుపు దుంపలు పైకి వచ్చి ఎండకు మాడతాయి, పక్షులు కూడా ఏరుకు తింటాయి.

దున్నే రోజును క్యాలెండరు చూసి ఖాయం చేయకండి. పదును చూడండి. వేలెడు లోతు నుంచి గుప్పెడు మట్టి తీసి ఉండ చేసి, నడుము ఎత్తు నుంచి గట్టి నేల మీద వదలండి. పొడిపొడిగా విడిపోతే దున్నవచ్చు. ఉండ చెదరకుండా చదునుగా అతుక్కుంటే తడి ఎక్కువ, రెండు రోజులు ఆగండి. అసలు ఉండే కట్టకపోతే నేల మరీ ఎండిపోయింది, దున్నితే పెద్ద పెద్ద పెళ్ళలు లేస్తాయి. తడి బంకనేలను ఒక్కసారి ట్రాక్టరుతో తొక్కిస్తే ఆ దెబ్బ నుంచి అది తేరుకోవడానికి ఏళ్ళు పట్టవచ్చు. వాలు ఉన్న చేనైతే వాలుకు అడ్డంగానే దున్నండి. ప్రతి చాలూ చిన్న కట్టలా పనిచేసి నీటిని ఆపుతుంది.

ఏటా ఒకే లోతున దున్నితే నాగలి అడుగున గట్టి పొర కడుతుంది. ఇది నేను కళ్ళారా చూశాను. మా చేలో ఒక వైపు పత్తి రెండు రోజులు ఎండ కాస్తే చాలు వాడిపోయేది. ఒక మొక్క పక్కన గుంట తవ్వి చూస్తే, తల్లివేరు జానెడు దిగి, అక్కడ నేరుగా పక్కకు తిరిగి, గోడను తడుముకుంటున్నట్టు అడ్డంగా పోయింది. దాని కిందే నేలలో తడి ఉంది. మొక్క దాకా అది రాలేదు. ఆ తర్వాత నేల బాగా ఆరి ఉన్నప్పుడు, మట్టిని తిరగవేయకుండా లోతుగా చీల్చే ఉలినాగలితో ఆ పొరను పగలగొట్టాం. మీ చేలో అలాంటి పొర ఉందో లేదో తెలియాలంటే సన్నని ఇనుప కడ్డీని తడి నేలలోకి నెమ్మదిగా దించి చూడండి. సులువుగా దిగుతూ ఒక చోట చటుక్కున ఆగి, బలంగా తోస్తే మళ్ళీ సులువుగా దిగిందంటే మధ్యలో గట్టి పొర ఉన్నట్టే.

మరీ ఎక్కువ దున్నినా ప్రమాదమే. 1930లలో అమెరికా మధ్య మైదానాల్లో, గడ్డి భూములను విపరీతంగా దున్నేసిన తర్వాత కరువు వచ్చింది. పట్టి ఉంచే వేర్లు లేక పై మట్టి దుమ్ము తుఫానులై ఎగిరిపోయింది. అప్పటి నుంచే తక్కువ దున్నడం, పంట మోళ్ళను నేల మీదే ఉంచడం మీద అందరి దృష్టీ పడింది. దున్నకుండా విత్తితే నేలలో వానపాములు, సేంద్రియ పదార్థం నిలుస్తాయి, డీజిలు ఆదా అవుతుంది. ఇబ్బంది కలుపుతోనే. నేల మీద మోళ్ళ కప్పు లేకుండా దున్నడం మాత్రమే మానేస్తే కలుపు పైచేయి అవుతుంది.

వరి మడి సంగతి వేరు. అక్కడ దమ్ము చేసేది నేల గుల్లబారడానికి కాదు, రంధ్రాలు పూడిపోయి నీరు కిందికి ఇంకకుండా నిలవడానికి. అదే మడిలో వరి తర్వాత ఆరుతడి పంట వేస్తే మొలక ఇబ్బంది పడటానికి కారణం కూడా ఆ దమ్మే.

నాలుగో మెట్టు: విత్తనం

విత్తే ముందు మొలక పరీక్ష చేయండి. కలగలిపిన విత్తనంలోంచి 100 గింజలు లెక్కపెట్టి, తడి గోనెగుడ్డ మీద వరసగా పేర్చి, చాప చుట్టినట్టు చుట్టి, నీడలో పెట్టి తడి ఆరకుండా చూడండి. వారం తర్వాత విప్పి, వేరు, మొలక రెండూ బలంగా వచ్చినవే లెక్కపెట్టండి. 85 మొలిస్తే మొలక 85 శాతం. ఒక ఏడాది తొందరలో ఈ పరీక్ష చేయకుండా, సంచి మీద రాసిన అంకెను నమ్మి విత్తాం. సాలు పొడవునా మూరకో మొక్క లేచింది. మళ్ళీ విత్తేసరికి అదును దాటిపోయింది, ఆ పంట చివరిదాకా కోలుకోలేదు. వారం రోజుల పని, ఒక గుడ్డ ముక్క, అంతే కావలసింది. అది చేయనందుకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

వరి విత్తనాన్ని ఉప్పునీటిలో వేసేది తాలు గింజలు తేలిపోవడానికి. నిండు గింజలో మొలకకు సరిపడా ఆహారం ఉంటుంది కాబట్టి నారు బలంగా వస్తుంది. మునిగిన గింజలను మంచి నీటితో రెండు మూడు సార్లు కడగడం మరవద్దు.

విత్తనశుద్ధిలో వరస ముఖ్యం. మొదట శిలీంద్రనాశిని, ఆరాక పురుగుమందు, చివరగా, విత్తే రోజున, రైజోబియం. రైజోబియం పప్పుజాతి మొక్కల వేరు బుడిపెల్లో ఉండే, బతికున్న సూక్ష్మజీవి. దాన్ని పట్టించిన విత్తనాన్ని నీడలోనే ఆరబెట్టి వెంటనే విత్తాలి. ఎండలో పెడితే ఆ జీవులు చచ్చి, ఖాళీ పొడి మాత్రమే మిగులుతుంది. పప్పుజాతి వేరు బుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తాయని హెల్రీగెల్, విల్‌ఫార్త్ అనే జర్మన్ శాస్త్రవేత్తలు 1886లో వెల్లడించారు. మీరు కూడా చేలోనే చూడవచ్చు. విత్తిన నెల పదిరోజులకు వేరుశనగ మొక్కను చుట్టూ మట్టితో సహా పెకలించి, నీటిలో మెల్లగా కడగండి. వేరుకు ఆవగింజలంత బుడిపెలు కనిపిస్తాయి. ఒకదాన్ని గోటితో చీల్చండి. లోపల మాంసం రంగులో ఎర్రగా ఉంటే అది పనిచేస్తున్నట్టు. తెల్లగా, పచ్చగా ఉంటే పనిచేయడం లేదు. ఎర్రగా ఉన్న చేనుకు యూరియా గుమ్మరిస్తే మొక్కకు నత్రజని సులువుగా దొరికి, బుడిపెలు మెల్లగా పని మానేస్తాయి.

ఐదో మెట్టు: విత్తడం

అదును, పదును అని పెద్దలు జంటగా చెప్పేది ఇక్కడే. పూత, గింజ కట్టే దశలు ఎండ మంటలకో తుఫాను వానలకో చిక్కకుండా వెనక్కి లెక్కవేసుకుని విత్తే రోజును ఎంచుకోవాలి. ఒకటి రెండు చినుకులకు ఆశపడి పొడి నేలలో విత్తితే గింజ ఉబ్బి, మొలక బయటికి రాకముందే ఎండిపోతుంది.

లోతుకు ఒక సులువైన కొలత ఉంది. గింజ మందానికి మూడు నాలుగు రెట్లు. నువ్వులు, రాగి లాంటి సన్న గింజలు లోతుగా పడితే మొలక పైకి వచ్చేలోపే దాని ఆహారం అయిపోతుంది. మొక్కజొన్న లాంటి పెద్ద గింజ 5 సెంటీమీటర్లు దిగినా పర్వాలేదు, పైపైన వేస్తే పక్షుల పాలు.

సాళ్ళలో విత్తడం వల్ల మధ్యలో కలుపు గీకే గుంటక తిరుగుతుంది, గాలి, వెలుతురు ఆడతాయి, మందు సమానంగా పడుతుంది. 1701లో ఇంగ్లండులో జెత్రో టల్ అనే రైతు గుర్రంతో లాగించే విత్తనపు యంత్రం చేసింది కూడా గింజ వృథా కాకుండా, సాళ్ళ మధ్య కలుపు తీయడానికి వీలుగా ఉండాలనే.

ఎన్ని మొక్కలు కావాలో ఇలా లెక్కవేయండి. సాలుకు సాలుకు 60 సెంటీమీటర్లు, మొక్కకు మొక్కకు 20 సెంటీమీటర్లు అయితే ఒక్కో మొక్కకు 0.12 చదరపు మీటరు. ఎకరం 4,047 చదరపు మీటర్లు కాబట్టి దాదాపు 33,700 మొక్కలు. మొలక 85 శాతం అయితే 33,700ను 0.85తో భాగించి సుమారు 39,650 గింజలు వేయాలి. ఎక్కువ మొక్కలుంటే ఎక్కువ పంట అనుకోవడం సహజమే. కానీ ఒక హద్దు దాటాక మొక్కలు వెలుతురు కోసం సన్నగా ఎత్తుగా సాగి పడిపోతాయి, కంకులు చిన్నవవుతాయి, గుబురులో తెగులు పాకుతుంది. మొలిచిన వారం పదిరోజుల్లో ఖాళీలు నింపండి. ఒత్తుగా లేచిన చోట బలహీనమైనవి తీసేయండి. ఆ పని చేయడానికి మనసొప్పదు గానీ, ఉన్నవాటి మేలు కోసం తీయాల్సిందే.

ఆరో మెట్టు: ఎరువులు

మొక్కకు అవసరమైన పోషకాల్లో ఏది అన్నింటికంటే తక్కువగా ఉందో, దిగుబడి అక్కడే ఆగిపోతుంది. జర్మనీలో స్ప్రెంగెల్ అనే శాస్త్రవేత్త మొదట చెప్పిన ఈ సూత్రాన్ని 1840 తర్వాత లీబిగ్ అనే రసాయన శాస్త్రవేత్త ప్రచారంలోకి తెచ్చాడు. పొట్టి పొడుగు చెక్కలతో చేసిన తొట్టిలో నీరు అన్నింటికంటే పొట్టి చెక్క దాకానే నిలుస్తుంది కదా, అలా. జింకు లోపం ఉన్న మడికి ఇంకో బస్తా యూరియా వేయడం అంటే పొడుగు చెక్కను మరింత పొడుగు చేయడమే.

ఆకును చూసి కొంత పోల్చుకోవచ్చు. కింది ముదురాకులు మొదట పసుపెక్కితే నత్రజని లోపం. అది మొక్కలో కదిలే పోషకం, తక్కువైనప్పుడు ముదురాకుల నుంచి లాగి లేతాకులకు పంపుతుంది. ముదురాకు అంచులు కాలినట్టు ఎండితే పొటాష్. ఆకులు ముదురు ఆకుపచ్చగా మారి ఊదా ఛాయ వచ్చి మొక్క గిడసబారితే భాస్వరం. పై లేతాకులు ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పాలిపోతే ఇనుము. ఇది కదలని పోషకం కాబట్టి లోపం కొత్త ఆకులోనే కనిపిస్తుంది. నీరు నిలిచినా, వేరు కుళ్ళినా ఆకులు పసుపెక్కుతాయి కనుక, బస్తా విప్పే ముందు ఒక మొక్కను పీకి వేరు చూడండి.

ఇక లెక్క. బస్తా బరువు వేరు, అందులోని పోషకం వేరు. యూరియాలో నత్రజని 46 శాతం. డీఏపీ (డై అమ్మోనియం ఫాస్ఫేట్)లో నత్రజని 18, భాస్వరం 46 శాతం. మ్యూరేట్ ఆఫ్ పొటాష్‌లో పొటాష్ 60 శాతం. ఉదాహరణకు భూసార పరీక్ష ప్రకారం ఎకరాకు 40 కిలోల నత్రజని, 20 కిలోల భాస్వరం, 15 కిలోల పొటాష్ కావాలనుకుందాం. ముందు భాస్వరం. 20ని 0.46తో భాగిస్తే 43.5 కిలోల డీఏపీ. అందులోనే దాదాపు 8 కిలోల నత్రజని వచ్చేసింది. మిగిలిన 32 కిలోలకు 70 కిలోల యూరియా. పొటాష్‌కు 25 కిలోల మ్యూరేట్. డీఏపీలో వచ్చిన నత్రజనిని తీసివేయకుండా యూరియా పూర్తిగా వేసేవాళ్ళు చాలామంది. అదనపు నత్రజనికి ఆకు లేతగా, నవనవలాడుతూ ఉంటుంది. రసం పీల్చే పురుగులకు కావలసింది సరిగ్గా అదే.

భాస్వరం నేలలో కదలదు. అందుకే మొత్తం ఆఖరి దుక్కిలోనో విత్తేటప్పుడో వేరు అందుకునే లోతులో వేయాలి. ఎదిగిన పైరు మీద డీఏపీ చల్లితే అది పైనే ఉండిపోతుంది. నత్రజని దీనికి పూర్తి విరుద్ధం. నేలలో అది నైట్రేటుగా మారి నీటితో కిందికి జారిపోతుంది. అందుకే రెండు మూడు దఫాలు. పైరుకు ఆకలి పెరిగే పిలక దశలో, చిరుపొట్ట దశలో (కాండం లోపల కంకి రూపు కట్టే దశ), లేదా పూతకు ముందు. యూరియా మట్టిలోకి దిగకుండా నేల పైనే ఉండిపోతే ఇంకో నష్టం కూడా ఉంది. నేలలోని ఎంజైమ్ దాన్ని అమ్మోనియాగా మారుస్తుంది, అది గాలిలో కలిసిపోతుంది. పదునులో వేసి, గుంటక తోలో పలుచగా నీరు పెట్టో మట్టిలోకి దించండి.

గాలిలోని నత్రజనితో ఎరువు చేయవచ్చని జర్మన్ రసాయన శాస్త్రవేత్త హేబర్ 1909లో ప్రయోగశాలలో చూపించాడు. 1913లో జర్మనీలోని ఒప్పావులో కర్మాగారం మొదలైంది. ప్రపంచానికి తిండి దొరకడంలో దాని పాత్ర చాలా పెద్దది. అయినా బస్తా ఎరువు నేలకు సేంద్రియ పదార్థం ఇవ్వదు. మట్టిరేణువులను గుల్లగా అతికి ఉంచేది, తడిని పట్టేది, సూక్ష్మజీవులకు తిండి పెట్టేది సేంద్రియ పదార్థమే. పశువుల ఎరువు బాగా చివికాకే వేయండి. పచ్చి పేడలో కలుపు గింజలు బతికే ఉంటాయి. చివకని ఎండు గడ్డీ గాదమూ కలియదున్నితే, దాన్ని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు తమ అవసరానికి నేలలోని నత్రజనిని లాక్కుంటాయి, పైరు కొన్ని వారాలు పాలిపోతుంది. జనుము, జీలుగ లాంటి పచ్చిరొట్టను పూత మొదలయ్యేటప్పుడు, కాడ ఇంకా లేతగా ఉండగానే కలియదున్నమనేది అందుకే. ముదిరితే కుళ్ళడం ఆలస్యమవుతుంది.

ఏడో మెట్టు: కలుపు

పంట కాలంలో మొదటి మూడో వంతు చాలా కీలకం. 100 రోజుల పంటకు మొదటి నెల. ఆ కాలంలో పైరు చిన్నది, కలుపు వేగం ఎక్కువ. ఆ తర్వాత పైరే కమ్ముకుని కింద నీడ చేస్తుంది. అందుకని రెండు నెలలకు ఒకసారి బాగా తీయడం కంటే, 20 రోజులకు ఒకసారి, 35 రోజులకు ఇంకోసారి తీయడం మేలు. కలుపు పూతకు రాకముందే తీయండి, గింజ రాలిందంటే ఏళ్ళ తరబడి మొలుస్తూనే ఉంటుంది.

నాకు బాగా నచ్చిన ఉపాయం ఒకటుంది. నేల తయారుచేసి, ఒక తడి ఇచ్చి, వారం పదిరోజులు ఊరికే వదిలేయండి. పై పొరలోని కలుపు గింజలు మొలుస్తాయి. వాటిని పైపైన గీకి చంపేసి, ఆ తర్వాత విత్తండి. లోతుగా కదిపితే మాత్రం కొత్త గింజలు పైకి వస్తాయి. గుంటక తోలడం వల్ల కలుపుతో పాటు నేల పైన పగుళ్ళు పూడి తడి కూడా నిలుస్తుంది. ఎండుగడ్డి, ఆకులు పరచడం ఇంకా మంచిది. వెలుతురు అందక కలుపు మొలవదు, వాన చినుకు దెబ్బకు నేల గట్టిపడదు. కలుపుమందు వాడితే ఏటా ఒకే రకం వాడకండి. తట్టుకున్న మొక్కలే మిగిలి, వాటి సంతానమే చేనంతా నిండుతుంది.

ఎనిమిదో మెట్టు: నీరు

ఎకరం మీద 1 మిల్లీమీటరు నీరు అంటే సుమారు 4,000 లీటర్లు. 50 మిల్లీమీటర్ల తడి అంటే 2 లక్షల లీటర్లు. ఈ లెక్క ఒకసారి మనసులో పడితే అనవసరంగా ఒక తడి ఇవ్వబుద్ధి కాదు.

తడి ఎప్పుడు ఇవ్వాలో పై మట్టిని చూసి చెప్పకూడదు. వేరు ఉన్న లోతు నుంచి, అంటే జానెడు కింద నుంచి మట్టి తీసి పిసకండి. ఉండ కట్టి చేతికి తడి తగిలితే ఆగవచ్చు. ఉండ కట్టి, కొద్దిగా తడితేనే పగిలితే తడి ఇచ్చే వేళ అయింది. నీరు తక్కువగా ఉంటే కీలక దశలకు దాచుకోండి. మొక్కజొన్నకు జల్లు (మగ పూత), పీచు (కంకి కొసన వచ్చే పోగులు) వచ్చే దశ. వేరుశనగకు ఊడలు దిగి కాయ ఊరే దశ. వరికి చిరుపొట్ట నుంచి పాలు పోసుకునే దాకా. మొక్కజొన్నలో పీచు వచ్చే రోజుల్లో ఎండబెడితే పుప్పొడి అందక కంకిలో గింజలు కట్టవు. తర్వాత ఎంత నీరు పెట్టినా ఆ ఖాళీ నిండదు. మొదట్లో, నాటుకున్న తర్వాత, కొంచెం ఎండబెట్టడం మాత్రం చాలా మెట్ట పంటలకు మంచిదే, వేరు నీటిని వెతుక్కుంటూ లోతుకు దిగుతుంది.

వరికి ఎప్పుడూ నీరు నిలవాల్సిన పని లేదు. చిల్లులు పెట్టిన గొట్టం ముక్కను మడిలో పాతి లోపలి నీటి మట్టం చూస్తూ ఉండండి. మట్టం నేలకు 15 సెంటీమీటర్ల కిందికి దిగినప్పుడు మళ్ళీ నీరు పెడితే దిగుబడి తగ్గకుండా నీరు ఆదా అవుతుంది, మీథేన్ వాయువూ తగ్గుతుంది. పూత దశలో మాత్రం మడిలో నీరు ఉంచండి.

నీరు పెట్టడం ఎంత ముఖ్యమో తీయడం అంత ముఖ్యం. ప్రతి తడిలోనూ కొంత ఉప్పు వస్తుంది. నీరు ఆవిరై పోతుంది, ఉప్పు మిగులుతుంది. మురుగు కాలువ లేని చేలో అది ఏటికేడు పేరుకుంటుంది. ప్రాచీన మెసొపొటేమియాలో కాలువ నీటితో పండిన భూములు ఇలాగే చౌడుబారాయి.

తొమ్మిదో మెట్టు: పురుగు, తెగులు

పురుగు కనిపించగానే మందు కొట్టడం కంటే ముందు లెక్కపెట్టండి. వారానికి రెండుసార్లు ఉదయం పూట చేను ఐదు చోట్ల ఆగి, చోటుకు ఐదు మొక్కల చొప్పున ఆకు కింద, మొగ్గలో చూసి, పురుగులు ఎన్ని, మిత్రపురుగులు ఎన్ని అని రాసుకోండి. మందు ఖర్చు కంటే పురుగు చేసే నష్టం ఎక్కువ కాబోతోంది అన్నప్పుడే మందు. ఈ నష్టపరిమితి ఆలోచనను 1959లో కాలిఫోర్నియా శాస్త్రవేత్తలు స్పష్టంగా రూపొందించారు. పేనుబంక మందలో అక్షింతల పురుగులు, వాటి నల్లటి పిల్లలు తిరుగుతుంటే ఇంకో మూడు రోజులు ఓపిక పట్టండి. తొందరపడి కొట్టిన మందుకు ముందు చచ్చేది అవే. శత్రువు వేగంగా పుంజుకుంటాడు, మిత్రుడు నెమ్మదిగా.

ఆడ పురుగు వాసనతో మగ పురుగులను ఆకర్షించి పట్టే లింగాకర్షక బుట్టలు ఏ రెక్కల పురుగు ఎప్పుడు వచ్చిందో చెబుతాయి. చుట్టూ జొన్న సాళ్ళు కంచెలా వేస్తే ఎగిరివచ్చే రసం పీల్చే పురుగులు అక్కడ ఆగుతాయి. బంతి మొక్కలు శనగపచ్చపురుగు తల్లిని గుడ్లు పెట్టడానికి తమ వైపు లాగుతాయి. ఆ గుడ్లను, పిల్లపురుగులను ఏరి చంపకపోతే ఎర పంట వేసి లాభం లేదు.

మందు తప్పనిసరి అయితే మందు డబ్బా మీది సూచన పూర్తిగా చదివి, చేతి తొడుగులు, ముఖానికి మాస్కు, నిండు బట్టలు వేసుకుని, గాలివాటం చూసుకుని కొట్టండి. పూత మీద తేనెటీగలు తిరిగే వేళ వద్దు, సాయంత్రం మంచిది. ఒకే రకంగా పనిచేసే మందును వరసగా వాడితే పురుగు దానికి అలవాటు పడుతుంది. చివరి పిచికారీకి, కోతకు మధ్య డబ్బా మీద రాసిన గడువును తప్పక పాటించండి. ఆ పంట తినేది ఎవరి పిల్లలో!

పదో మెట్టు: కోత, ఆరబెట్టడం, నిల్వ

తొందరగా కోస్తే గింజ నిండదు. ఆలస్యమైతే రాలుతుంది, పగులుతుంది, వానకు తడుస్తుంది. మొక్కజొన్న గింజను కంకి నుంచి ఒలిచి అడుగు చూడండి, నల్లటి పొర కనిపిస్తే గింజకు ఇక ఆహారం చేరడం లేదు, పక్వానికి వచ్చినట్టే. వరిని గింజలో తేమ 20 నుంచి 22 శాతం ఉన్నప్పుడు కోసి, తర్వాత ఆరబెట్టాలి. మడిలోనే పూర్తిగా ఎండనిస్తే మర ఆడించేటప్పుడు నూక ఎక్కువవుతుంది.

నిల్వలో శత్రువు తేమ. తేమ మిగిలితే బూజు పడుతుంది. వేరుశనగ, మొక్కజొన్నల్లో ఆ బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది, వండినా అది పూర్తిగా పోదు. మీటరు లేకపోయినా ఒక పరీక్ష చేయవచ్చు. బాగా ఎండిన గాజు సీసాలో మూడో వంతు గింజలు, ఒక చెంచా ఎండిన ఉప్పు వేసి మూత బిగించి బాగా ఊపండి. పావుగంట తర్వాత ఉప్పు సీసా గోడకు అంటుకుంటే తేమ 15 శాతం కంటే ఎక్కువ. ఇంకా ఆరబెట్టండి. అంటకపోయినా అక్కడితో ఆగకండి. చాలాకాలం నిల్వ చేసే ధాన్యం 12, 13 శాతానికి దిగాలి. ఆరిన గింజను వేడి మీదే సంచుల్లో నింపవద్దు, చల్లారనివ్వండి. వేడి గింజ రాత్రి చల్లబడేటప్పుడు సంచిలోపల తడి కక్కుతుంది.

సంచులను నేల మీద కాకుండా చెక్కల మీద, గోడకు మూరెడు ఎడంగా పేర్చండి. పాత ధాన్యం పక్కన కొత్తది పెట్టకండి, పాతదానిలోని ముక్కపురుగు నడిచి వస్తుంది. పదిహేను రోజులకోసారి ఒక్కో సంచి మధ్యలోకి మోచేతి దాకా చేయి పెట్టి చూడండి. లోపల వెచ్చగా తగిలితే పురుగో బూజో మొదలైనట్టు. ఆ రోజే ఆ సంచిని బయటికి తీసి, పరిచి, మళ్ళీ ఎండబెట్టండి.